సెయింట్ ఎమిలియాన్ మెర్లో: నునుపు అంటారు, మరి ఈ వగరు ఎక్కడిది?

మూసీగట్టు:

మెర్లో ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ అంటే నునుపు, తాగడానికి తేలిక, రెడ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇదే మంచిది అని ఎక్కడ చూసినా అదే మాట. నేను తెరిచిన సీసా వివరాలు ఇవి: ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు సెయింట్ ఎమిలియాన్ గ్రాండ్ క్రూ, 2019 పంట, మెర్లో 80 శాతం, కాబర్నే ఫ్రాంక్ అనే ఇంకో ద్రాక్ష 20 శాతం, ఆల్కహాల్ 14.5. బంకమట్టి, సున్నపురాయి కలిసిన నేల అని వెనక లేబుల్ మీద ఉంది. మూత తీసి వెంటనే గ్లాసులో పోస్తే ముందు ఆల్కహాల్ ఘాటు, ఆ వెనకే కొత్త చెక్క వాసన. నోట్లో పండు రుచి బాగానే ఉంది కానీ చిగుళ్ళు పట్టేశాయి. గది వేడి 29 డిగ్రీలు.

ఈ వగరు మెర్లోదా, పీపాదా, లేక సీసానే పాడైందా? ఇలాంటివే ఇంకో రెండున్నాయి, వాటిని ఎప్పుడు తీయాలి? దీని ధరలో నాలుగో వంతుకి చిలీ మెర్లో దొరుకుతుంటే దీనికి అంత పెట్టడంలో అర్థమేంటో కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

పీపాయి:

సీసా పాడవలేదండీ. మీరు రాసినవాటికి కారణాలు రెండే: వైన్‌కి వయసు చాలలేదు, గదిలో వేడి ఎక్కువైంది. వేడి సంగతి ఎవరైనా చెప్తారులెండి, నేను వగరు దగ్గర మొదలుపెడతా.

మెర్లోలో టానిన్, అంటే వగరునిచ్చే పదార్థం, తక్కువ అనే మాట సగమే నిజం. కాబర్నే సోవిన్యోన్ అనే ద్రాక్షతో పోలిస్తే తొక్క పలచన, గింజ మీద కండ ఎక్కువ. కానీ గింజల్లో ఉండే టానిన్ ఏమీ తక్కువ కాదు. నునుపు అనిపించడానికి అసలు కారణం ఆ వగరుని కప్పేవి దండిగా ఉండడం. పులుపు తక్కువ కాబట్టి వగరుకి పదును రాదు. చక్కెర బాగా పట్టే రకం కాబట్టి ఆల్కహాల్ పెరుగుతుంది, దానితో నోట్లో చిక్కదనం వస్తుంది. దోర నేరేడు, బాగా పండిన నేరేడు పక్కపక్కన తిని చూడండి, రెండూ వగరే, కానీ రెండోదాంట్లో కండ ముందుకొచ్చి వగరు వెనక్కి పోతుంది. మెర్లో పండిన నేరేడు లాంటిది. మీ సీసాలో కండ ఉంది, కాకపోతే ఇంకా బిగుసుకుని ఉంది.

నేలని బట్టి ఈ వగరు మారుతుంది. డోర్డోన్ నదికి కుడివైపున, లిబోర్న్ ఊరి చుట్టూ ఉన్న పొమెరోల్, సెయింట్ ఎమిలియాన్‌లలో మెర్లోదే పెత్తనం. జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున మెడాక్‌లో గులకరాళ్ళ నేల, నీరు నిలవదు, ఎండకి తొందరగా వేడెక్కుతుంది. ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యోన్‌కి ఆ వేడి కావాలి. మెర్లో దానికంటే ఒకటి రెండు వారాలు ముందే పండుతుంది, నీటి ఎద్దడికి తట్టుకోలేదు. చల్లగా ఉండి తేమ పట్టుకునే బంకమట్టి దానికి పడుతుంది. పొమెరోల్‌లోని పెట్రూస్ తోట 11 హెక్టార్ల పైచిలుకు, దాదాపు అంతా నీలి బంకమట్టి గుట్ట మీదే ఉంటుంది. ఆ మట్టి తడిస్తే ఉబ్బి, పై వాన లోపలికి ఎక్కువ దిగకుండా ఆపుతుంది. ఎండాకాలంలో పట్టి ఉంచిన తేమని వేళ్ళకి కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ వైన్ దట్టంగా, మఖమల్‌లా ఉండడానికి చాలామంది చూపించే కారణం ఇదే.

సెయింట్ ఎమిలియాన్ పీఠభూమి వేరు. కింద సున్నపురాయి, పైన పలచగా మట్టి. అక్కడి మెర్లోలో పులుపు కాస్త నిలుస్తుంది, వగరు సుద్దపొడిలా నాలుక మీద ఆనుతుంది. మీరు చెప్పిన 'చిగుళ్ళు పట్టేయడం'లో కొంత భాగం ఇదే, అది తప్పు కాదు. అదే ఊరి కింద, నది వైపు దిగితే ఇసుక నేలలు. అక్కడివి తేలిక, కొన్నాళ్ళలోనే తాగేయాల్సినవి. లేబుల్ మీద రెండింటికీ ఒకటే పేరు ఉండొచ్చు, కాబట్టి నేల వివరం రాసిన సీసా కొనడమే మంచిది.

ఇక కోత. మెర్లోకి సరైన పక్వం నిలిచేది కొద్ది రోజులే. తొందరపడి కోస్తే పచ్చి కాప్సికమ్ వాసన, గింజల చేదు. వారం ఆలస్యమైతే ఎండు ఆలూబుఖారా, జామ్ రుచి, ఆల్కహాల్ 15. మామూలు సంవత్సరాల్లో సెప్టెంబర్ చివర్లో మెర్లో, దాని తర్వాత వారం పది రోజులకి కాబర్నే ఫ్రాంక్ కోస్తారు. మీ సీసాలో ఉన్న ఆ 20 శాతం ఊరికే కలిపింది కాదు. మెర్లోకి లేని పులుపు, వయొలెట్ పూల వాసన, నిటారుతనం అందులోంచే వస్తాయి. మెర్లో ఒక్కటే అయితే మొదటి గుక్క బాగుంటుంది, మూడో గ్లాసుకి మొహం మొత్తుతుంది. పెట్రూస్, లే పాన్ లాంటి కొద్ది తోటలే ఒంటి మెర్లోతో నెగ్గుకొస్తాయి.

తొట్టిలో ఏం చేశారన్నది కూడా లెక్కే. పులిసేటప్పుడు 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచి, కింది రసాన్ని పైకి తోడి తొక్కల మీద పోస్తారు. మొదట్లో తొక్కల్లోంచి రంగు దిగుతుంది. ఆల్కహాల్ పెరిగేకొద్దీ గింజల్లోంచి టానిన్ కరగడం మొదలవుతుంది. ఆ దశలో కూడా అదే జోరుతో తోడితే వైన్ గరుకెక్కుతుంది, ఆ తర్వాత ఎంత పీపాలో పెట్టినా పోదు. జాగ్రత్తపరులు చివరి వారం దాదాపు ముట్టుకోరు. తర్వాత 225 లీటర్ల ఓక్ చెక్క పీపాల్లో 12 నుంచి 18 నెలలు. మూడు నెలలకోసారి మడ్డి వదిలేసి తేటని వేరే పీపాలోకి మారుస్తారు. పాతకాలం పద్ధతిలో పీపాకి ఐదారు గుడ్ల తెల్లసొన గిలక్కొట్టి వేస్తే గరుకు టానిన్‌ని పట్టుకుని అడుగుకి దిగుతుంది.

పండు వగరునీ పీపా వగరునీ విడదీయడానికి పనికొచ్చే గుర్తు ఒకటుంది. పండుది నాలుక పక్కల పట్టి, లాలాజలం ఊరగానే వదులుతుంది. కొత్త ఓక్‌ది గుటక దిగాక చిగుళ్ళ అంచున పొడిగా మిగిలిపోతుంది, వెంట వెనీలా, లవంగం, కాఫీ వాసన ఉంటుంది. మీరు రాసినదాన్ని బట్టి మీ సీసాలో రెండోది ఎక్కువ. అది రెండు మూడేళ్ళలో లోపలికి సర్దుకుంటుంది.

నల్లద్రాక్ష:

పీపాయి గారు వదిలేసిన వేడి సంగతి నేను రాస్తా. 29 డిగ్రీల దగ్గర 14.5 శాతం ఉన్న ఏ రెడ్ అయినా ముక్కుకి స్పిరిట్‌లా కొడుతుంది. రెడ్‌ని గది వేడిలో తాగాలనే మాట యూరప్ రాతి ఇళ్ళలో పుట్టింది, మన మే నెలకి అది వర్తించదు. ఈ వైన్‌కి 16 నుంచి 18 డిగ్రీలు కావాలి.

29 నుంచి అక్కడికి దింపాలంటే ఫ్రిజ్‌లో సుమారు గంట. అంత ఓపిక లేకపోతే బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, మెడ దాకా ముంచి పావుగంట. నీళ్ళు లేకుండా ఒట్టి ఐసులో గుచ్చితే ముక్కలు సీసాకి అక్కడక్కడే తగులుతాయి, గంటైనా సరిగ్గా చల్లబడదు. ఫ్రీజర్ వద్దు, మర్చిపోతే మూత పైకి తన్నుకొస్తుంది. అలాగని మరీ దించకండి. 13 కిందకి పోతే పండు వాసన మూసుకుపోయి వగరు ఇంకా పదునెక్కుతుంది, అప్పుడు మళ్ళీ ఇక్కడికొచ్చి వగరు అని రాస్తారు. గ్లాసులో తొందరగా వేడెక్కుతుంది కాబట్టి ఒకేసారి 150 కాకుండా 80, 100 మిల్లీలీటర్లు పోసుకుని, సీసాని తడిబట్ట చుట్టి ఉంచండి.

గాలి ఆడించడం. 2019కి రెండు గంటలు కావాలి. మూత తీసి సీసాని అలా వదిలేస్తే లాభం లేదు, మెడలో గాలి తగిలేది రూపాయి బిళ్ళంత వైన్‌కే. డికాంటర్ (వైన్‌కి గాలి తగలడానికి వంచే గాజు పాత్ర) లేకపోతే అడుగు వెడల్పున్న గాజు జగ్గులోకి ధారగా వంచండి. ఆ జగ్గు అంతకు ముందు మజ్జిగకో పప్పుకో వాడినదైతే వేడినీళ్ళతో కడిగి, ఆరాక వాసన చూసి వాడండి. సబ్బు వాసన మిగిలితే వైన్ మొత్తం పోయినట్టే. గ్లాసు 500 మిల్లీలీటర్ల పైన పట్టేది, లోపల పొట్ట వెడల్పు, పైన మూతి ఇరుకు ఉన్నది తీసుకుని మూడో వంతే నింపండి. విస్కీ గ్లాసులో దీనికి న్యాయం జరగదు.

మిగతా రెండు సీసాలు ఎప్పుడు తీయాలో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. తెరిచినదాంట్లో సగం మిగిల్చి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తీసి 17 డిగ్రీలకి రానిచ్చి రుచి చూడండి. మొదటి రోజుకంటే బాగుంటే ఆ వైన్‌కి ఇంకా ఆయుష్షుంది, నాలుగైదేళ్ళు ధైర్యంగా దాచొచ్చు. అలాగే ఉంటే రెండేళ్ళలో తాగేయండి. పండు పోయి చప్పగా మారితే ఆగక్కర్లేదు, ఈ వారమే తీసేయండి. సున్నపురాయి నేలది, కాబర్నే ఫ్రాంక్ ఉన్నది కాబట్టి మీకు మొదటి ఫలితమే వస్తుందని నా లెక్క.

పదిహేనేళ్ళు దాటిన వైన్ అయితే పద్ధతి తలకిందులు. ఒక రోజు ముందే నిలబెట్టి మడ్డి దిగనివ్వాలి, తాగబోయే ముందే తీయాలి, మెడ దగ్గర మడ్డి కనపడగానే వంచడం ఆపాలి. దానికి రెండు గంటల గాలి పెడితే ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుంది.

గారోన్‌ఒడ్డు:

లేబుల్ గురించి ఎవరూ రాయలేదు. 'గ్రాండ్ క్రూ' అన్న మాట చూసి ధర కట్టకండి. సెయింట్ ఎమిలియాన్‌లో అది ర్యాంకు కాదు, ప్రాంతపు హోదా మాత్రమే. అదే ఊరి హద్దుల్లో దిగుబడి కొంచెం తగ్గించి, కొంచెం ఎక్కువ కాలం నిలవ ఉంచి, పరీక్ష దాటితే వేసుకోవచ్చు. వందల కొద్దీ షాటోలు (వైన్ తోటలు) వేసుకుంటాయి, వాటిలో అద్భుతమైనవీ ఉన్నాయి, నీళ్ళలాంటివీ ఉన్నాయి. ర్యాంకు కావాలంటే 'గ్రాండ్ క్రూ క్లాసే' అని ఉండాలి, ఆ 'క్లాసే' అన్న ఒక్క ముక్కలోనే తేడా అంతా.

ఆ ర్యాంకుల జాబితా 1955లో మొదలైంది, సుమారు పదేళ్ళకోసారి మారుస్తారు, మార్చినప్పుడు కోర్టు గొడవలు కూడా అయ్యాయి. 2022 జాబితాలో మొత్తం 85 తోటలు, అందులో పై అంతస్తు 'ఏ'లో ఉన్నవి పావీ, ఫిజాక్ రెండే. షెవాల్ బ్లాంక్, ఓజోన్, ఆంజెలూస్ అంతకు ముందే తమంతట తాము తప్పుకున్నాయి. వాటి లేబుల్ మీద క్లాసే అని లేకపోయినా అవి ఇప్పటికీ ఖరీదైన వైన్లే, ఆ జాబితా విలువ ఏపాటిదో మీరే ఊహించుకోండి. పొమెరోల్‌కి అసలు జాబితాయే లేదు. సుమారు 800 హెక్టార్ల చిన్న ప్రాంతం, తోటలు చిన్నవి, సీసాలు తక్కువ, అందుకే చవక పొమెరోల్ అని దొరికితే అనుమానించాలి.

పీపాయి గారి మాటకి చిన్న సవరణ. కుడి ఒడ్డున గొప్పవన్నీ మెర్లోవే అనుకోనక్కర్లేదు. షెవాల్ బ్లాంక్‌లో తరచు కాబర్నే ఫ్రాంక్‌దే పెద్ద వాటా. ఫిజాక్ తోటలో గులకరాళ్ళ మెరకలున్నాయి, అక్కడ మెర్లో, రెండు కాబర్నేలు మూడూ ఇంచుమించు మూడో వంతు చొప్పున ఉంటాయి.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే, పెద్ద పేర్లకి పక్కనున్న ఊళ్ళలో. ఫ్రాన్సాక్, కానాన్ ఫ్రాన్సాక్, కాస్టియోన్, లలాండ్ ద పొమెరోల్, మాంటాన్ సెయింట్ ఎమిలియాన్, పుయిసెగాన్. కాస్టియోన్ నేల చాలావరకు సెయింట్ ఎమిలియాన్ సున్నపురాయి గుట్టల కొనసాగింపే. వందేళ్ళ యుద్ధం ముగిసిన 1453 పోరు జరిగింది అక్కడే, అయినా వైన్ లోకంలో దాని పేరు ఇప్పటికీ పెద్దగా పలకదు. అది కొనేవాడికి మంచిదే. ఫ్రాన్స్‌లో ఇవి మామూలుగా 15 నుంచి 25 యూరోల మధ్య దొరుకుతాయి. మన దగ్గరికొచ్చేసరికి సుంకాలు కలిసి ఎక్కడికో పోతాయి, కాబట్టి విమానంలో వచ్చేవాళ్ళుంటే వీటినే తెప్పించుకోండి. సీసా మీద 'మీ జాన్ బుతెయ్ ఓ షాటో' అని ఉందా చూడండి, తోటలోనే నింపారని అర్థం.

సంవత్సరాలు: 2015, 2016, 2018, 2019, 2020, 2022 కుడి ఒడ్డుకి మంచివి. వాటిలో 2016, 2019లలో పులుపూ పండూ సమంగా కుదిరాయి. 2013లో పూత సమయంలో చలి, వాన. మెర్లోకి అదే పెద్ద బలహీనత, పూత నిలవక రాలిపోతుంది. 2017 ఏప్రిల్ చివర్లో, 2021 ఏప్రిల్లో మంచు చిగుళ్ళని కాల్చేసింది. మెర్లో ముందుగా చిగురిస్తుంది కాబట్టి దెబ్బ మొదట దానికే. 2021లో ఆల్కహాల్ తక్కువ, ఒళ్ళు పలచన, కానీ ఇప్పుడే తాగడానికి కొన్ని బాగుంటాయి, ధర కూడా దిగింది.

చిలీ సంగతి: అక్కడ మెర్లో పేరుతో దశాబ్దాల పాటు పెంచిన తీగల్లో చాలా భాగం కార్మెనేర్ అనే వేరే ద్రాక్ష అని 1994లో తేలింది. ఇప్పుడు చాలావరకు విడదీశారు. నాలుగో వంతు ధరలో వచ్చేవి మామూలుగా దిగుబడి బాగా పెంచిన తోటలవి, పీపాకి బదులు తొట్టిలో ఓక్ ముక్కలు వేసినవి, గరుకు కనపడకుండా కాస్త తీపి మిగిల్చినవి. మెర్లో అంటే మెత్తగా, చప్పగా ఉంటుందనే పేరు తెచ్చినవి అవే. ఆదివారం బిర్యానీతో తాగడానికి సరిపోతాయి, పదేళ్ళు దాచడానికి కాదు.

మూసీగట్టు:

మర్నాడు తాగే పరీక్ష చేశాను. పొగాకు, కోకో వాసన బయటపడింది, వగరు సగానికి తగ్గింది, పండు ముందుకొచ్చింది. మిగతావి దాస్తాను. ఇప్పుడు తిండి సంగతి. గోంగూర మటన్, హలీమ్, చేపల పులుసు, గుత్తివంకాయ. వీటిలో దేనితో నప్పుతుంది?

గోంగూరకట్ట:

హలీమ్‌తో నప్పుతుంది. గుత్తివంకాయతో నప్పించొచ్చు. మిగతా రెండూ వద్దు.

కారణాలు. మిరపకారం మంటని ఆల్కహాల్ పెంచుతుంది, వగరు దాన్ని ఇంకా గరుకు చేస్తుంది. 14.5 శాతం వైన్‌తో గుంటూరు కారం తింటే రెండూ పాడవుతాయి. గోంగూరది వేరే ఇబ్బంది. తిండిలో పులుపు వైన్‌కంటే ఎక్కువైతే వైన్ చప్పబడుతుంది. మెర్లోలో పులుపు మొదటే తక్కువ, గోంగూర ముందు తేలిపోయి ఒట్టి ఆల్కహాల్, చెక్క మిగులుతాయి. చేపల పులుసుకి చింతపండు ఒక దెబ్బ, పైగా రెడ్‌లో ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిసి ఇత్తడి చెంచా నాకినట్టు నీచు రుచి ఇస్తుంది. దానికి పులుపున్న వైట్ తీసుకోండి.

హలీమ్‌లో మాంసపు కొవ్వు, మాంసకృత్తులు టానిన్‌ని పట్టుకుంటాయి, గోధుమ మెత్తదనం దాని చిక్కదనానికి సరిపోతుంది. నిమ్మకాయ పిండకుండా తినండి, వేయించిన ఉల్లిపాయ మాత్రం ఉండాలి, ఆ తీపి మెర్లో పండుతో బాగా కలుస్తుంది. మటన్ వేపుడు చేస్తే కారం మూడో వంతుకి తగ్గించి ఆ లోటు మిరియాలతో నింపండి, కిలో మాంసానికి రెండు చెంచాల కచ్చాపచ్చా మిరియాలు, దించే ముందు వేయాలి. బిర్యానీ ఆకు, దాల్చినచెక్క ధారాళంగా వేయండి, వయసొచ్చిన సెయింట్ ఎమిలియాన్‌లో అవే వాసనలుంటాయి. గుత్తివంకాయలో చింతపండు సగం చేసి నువ్వులు, పల్లీలు, కొబ్బరి పెంచితే నూనె వగరుని కప్పుతుంది. శాకాహారులకైతే నా ఓటు పుట్టగొడుగుల వేపుడుకి: వెన్న, వెల్లుల్లి, మిరియాలు, చిటికెడు ఉప్పు, మూత పెట్టకుండా పెద్ద మంట మీద నీరు ఇగిరేదాకా. పాత మెర్లోలో వచ్చే తడిమట్టి వాసనకి దీనికంటే దగ్గరి జత లేదు.

ఉప్పు సరిగ్గా ఉండాలి. ఉప్పు తక్కువైన కూరతో ఇదే వైన్ రెండింతలు వగరుగా ఉంటుంది.

పీపాయి:

గారోన్‌ఒడ్డు గారి సవరణ ఒప్పుకుంటాను. కానీ పైన అందరం 14.5ని నేరంలా రాశాం, అది సరికాదు. బోర్డో ఎర్ర ద్రాక్ష తోటల్లో 60 శాతానికి పైగా మెర్లోనే, వేసవులు వేడెక్కేకొద్దీ ముందు ఇబ్బందిపడేది కూడా అదే. తొక్క, గింజ పండేదాకా ఆగితే ఆల్కహాల్ 14.5 దాటేంత చక్కెర పడుతుంది, చక్కెర చూసి ముందే కోస్తే గింజ పచ్చిగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య మంచి తోటలు ఎంచుకునేది మొదటిదే. ఒకప్పుడు గుత్తులకి ఎండ తగలాలని ఆకులు తుంచేవాళ్ళు, ఇప్పుడు సాయంత్రపు ఎండ వైపు ఆకుల్ని అలాగే వదిలేస్తున్నారు. కొత్తగా నాటేటప్పుడు కాబర్నే ఫ్రాంక్ వాటా పెంచుతున్నారు. మామూలు బోర్డో హోదాలోనైతే టూరిగా నాసియోనాల్, మార్సెలాన్ లాంటి బయటి రకాలని కూడా తోటలో 5 శాతం, వైన్‌లో 10 శాతం మించకుండా ప్రయోగంగా అనుమతించారు.

అంకె కాదు, అది కనపడుతోందా అన్నదే చూడాలి. 17 డిగ్రీల దగ్గర, రెండు గంటల గాలి తర్వాత కూడా గొంతులో మండితే అది తయారీలో లోపం. మండకపోతే 15 ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

వాలావాలా:

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ముఖ్యంగా సియాటెల్ చుట్టూ ఉన్న మనవాళ్ళు బోర్డో ధర పెట్టక్కర్లేదు, కొండ దాటితే కొలంబియా వ్యాలీ ఉంది. కాస్కేడ్ కొండల వెనక చాలా చోట్ల వాన ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపే, తోటలు దాదాపు అన్నీ డ్రిప్పు నీళ్ళ మీదే బతుకుతాయి. కుళ్ళు బెడద లేదు, మెర్లో పలచటి తొక్కకి అది పెద్ద వరం. పగలు ఎండ కాస్తుంది, రాత్రి బాగా చల్లబడుతుంది, అందువల్ల పండు పండినా పులుపు పోదు. ఇసుక నేలల్లో చాలా తీగలు అంటు లేకుండా సొంత వేళ్ళ మీదే ఉన్నాయి. శీతాకాలపు గడ్డకట్టే చలి మాత్రం కొన్నేళ్ళు తీగల్నే చంపుతుంది.

రుచిలో తేడా: ఇక్కడివి నల్ల చెర్రీ, కోకో, పుదీనా వైపు, వగరు గట్టిగా. రెడ్ మౌంటెన్‌వి అన్నింటికంటే గట్టివి, వాటికి మూడు గంటల గాలి పెట్టండి. కాలిఫోర్నియా నాపావి ఇంకా తీపిగా, మెత్తగా. ఇటలీ బోల్గేరిలో మసెటో అనే వైన్ కూడా నీలి బంకమట్టి మీది మెర్లోనే, ధర పెట్రూస్ దారిలోనే నడుస్తోంది.

మహారాష్ట్ర మెర్లో కూడా దొరుకుతుంది కదా. అక్కడ సెప్టెంబర్, అక్టోబర్‌లలో కత్తిరించి, జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. ఎండలు ముదిరేలోగా కోయాలి కాబట్టి పులుపు నిలబెట్టడం కష్టం. పంట వచ్చిన రెండేళ్ళలో, మామూలుకంటే కాస్త ఎక్కువే, అంటే 15 డిగ్రీలకి చల్లబరిచి తాగితే బాగుంటాయి. దాచడానికి కొనకండి.

బెజవాడబండి:

అన్నీ బాగున్నాయి, మా ఊరి ఎండలో నాలుగైదేళ్ళు ఎలా దాస్తారండీ? నా దగ్గరున్న ఒకదాని మూత అంచున జిగట కారింది.

నల్లద్రాక్ష:

కారిందంటే వేడికి లోపల వైన్ వ్యాకోచించి కార్కుని తోసింది. రేకు ఊడదీసి చూడండి. కార్కు సీసా అంచు కంటే పైకి వచ్చి ఉంటే, పక్కన ఎర్రటి చార ఉంటే, ఆ దారినే గాలి లోపలికి పోయినట్టు. వాసనలో ఉడికిన పండు, కాలిన బెల్లం తగిలితే ఉడికిపోయింది, ఏం చేసినా తిరిగి రాదు. మటన్ ఉడికించేటప్పుడు కిలోకి పావు లీటరు పోసి వాడేయండి. వాసన శుభ్రంగానే ఉంటే దాచకుండా ఈ నెలలోనే తాగండి. తడి అట్టపెట్టె వాసన మాత్రం వేడి వల్ల కాదు, అది కార్కులోని దోషం. షాపులో కొన్నదైతే బిల్లుతో తీసుకెళ్ళి అడగండి.

దాచడానికి 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, సీసా పడుకోబెట్టి ఉండాలి. చిన్న వైన్ చిల్లర్ కొనగలిగితే 13కి పెట్టి వదిలేయండి. లేకపోతే ఫ్రిజ్ కూరగాయల అరలో కాగితం చుట్టి పడుకోబెడితే ఏడాది దాకా ఇబ్బంది లేదు. అంతకంటే ఎక్కువైతే పొడిగాలికి కార్కు ఎండుతుంది. వంటింటి పై అటక, ఫ్రిజ్ నెత్తి, కారు డిక్కీ మూడూ నిషిద్ధం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపే గది కూడా మంచిది కాదు. స్థిరంగా 22 ఉన్న చోటు, రోజూ 18కీ 32కీ ఊగే చోటుకంటే మేలు. నాలుగైదేళ్ళ మాట మీకు చిల్లర్ ఉంటేనే. లేకపోతే 2021 లాంటి తేలిక సంవత్సరాలవి, ఇసుక నేలలవి కొనుక్కుని ఆ చలికాలంలోనే తాగేయండి.

తెరిచాక మిగిలినది చిన్న సీసాలోకి, 375 మిల్లీలీటర్లది దొరికితే అందులోకి, అంచు దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు. సగం ఖాళీ సీసాలో అలాగే వదిలితే రెండో రోజు దాటాక నమ్మకం లేదు.